పువ్వు మధ్యలో తెల్ల ఏప్రన్

ఎనేలికి పెళ్ళయి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజులుగా ఆమెకి ఏ పని చేసినా కొత్తగానే ఉంది, ఆఖరికి పళ్ళు తోముకోవడం కూడా. గ్లాసులో తన బ్రష్షు మీదికి మొగుడు ఇంద్రెక్ బ్రష్షు వాలి ఉంటే, ఆ రెండూ ఏదో గుసగుసలాడుకుంటున్నాయని నవ్వుకుంటూ నిలబడిపోయి, మొన్నొక రోజు మందుల షాపు పావుగంట ఆలస్యంగా తెరిచింది. బయట కాచుకుని ఉన్న ముసలాయన ఆమె మొహం చూసి, "పర్లేదులేమ్మా, నా దగ్గు ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఇప్పుడా బ్రష్షులు రెండూ వేరువేరు గదుల్లో ఉన్నాయి. నృత్యోత్సవానికి ఊరూరి నుంచీ వచ్చిన పదివేల మందికీ రాజధాని టాలిన్‌లోని బడుల్లోనే బస. వాళ్ళ మార్యమా ఊరి బృందానికి నగరం చివర ఒక పాత బడి దొరికింది. ఆడవాళ్ళకి రసాయనశాస్త్రం గది, మగవాళ్ళకి కింద వ్యాయామశాల. బల్లలు గోడవారకి నెట్టి నేలమీద పరుపులు పరుచుకున్నారు. ఎనేలి పరుపుకి ఎదురుగా మూలకాల పట్టిక వేలాడుతోంది. రోజూ పొద్దున కళ్ళు తెరవగానే కనబడేది మొగుడి మొహం కాదు, హైడ్రోజన్.

"హనీమూనుకి ఎక్కడికెళ్ళావని రేపు నీ మనవలు అడిగితే ఏం చెప్తావే?" అంది పక్క పరుపు మీద కూర్చుని జడ అల్లుకుంటున్న ఉర్వె.

"ప్రయోగశాలకి వెళ్ళానని చెప్తానక్కా."

"ప్రయోగం చేసేవాడు కింద వ్యాయామశాలలో గుర్రుపెడుతుంటే ఫలితం ఏమొస్తుందే?"

గదిలో ఉన్న మిగతా పద్నాలుగు మందీ పరుపుల మీద పడి పడి నవ్వారు. ఉర్వెకి నలభై ఎనిమిదేళ్ళు. నలభై ఆవుల పాలశాల ఒంటిచేత్తో నడుపుతుంది. పెళ్ళి చేసుకోలేదు. మార్యమా బృందంలో ఇరవై ఆరేళ్ళ నుంచి ఆడుతోంది, ఆ ఇరవై ఆరేళ్ళలో ఆమె నోటికి ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు లేరు.

ఆ రోజు మొదటిసారి పూర్తి దుస్తుల్లో రిహార్సల్. నాలుగు రోజులుగా అందరూ టీషర్టుల్లో, వాన పడినప్పుడు ప్లాస్టిక్ కోట్లలో ఆడారు. ఇవాళ సంచుల్లోంచి ఎర్రచారల ఉన్ని లంగాలు, తెల్లటి జాకెట్లు, వెండి బిళ్ళలు బయటికొచ్చాయి. ఎనేలి అన్నిటికంటే అడుగున, దిండుగలీబులో దాచిన తెల్ల ఏప్రన్ తీసింది. దాన్ని లంగా మీద ముందువైపు పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి, "అక్కా, వెనక ముడి వెయ్యవూ" అని అటు తిరిగి నిలబడింది. ముడి తనే వేసుకోగలదు. కానీ ఎవరైనా వేస్తుంటే ఆ సంతోషం ఇంకో అరనిమిషం ఎక్కువ నిలుస్తుంది.

మార్యమా వైపు పెళ్ళికాని పిల్ల ఏప్రన్ కట్టదు, తలకి పూసల పట్టీ పెట్టుకుంటుంది. పెళ్ళయిన మనిషి పట్టీ తీసేసి టోపీ పెట్టుకుంటుంది, ఏప్రన్ లేకుండా గడప దాటదు. ఇప్పుడు రోజూ ఎవరూ ఇవి వేసుకోరు గానీ, పాతకాలపు దుస్తులు వేసిన రోజున మాత్రం నియమం నియమమే. పెళ్ళిలో పూసల పట్టీ విప్పి, టోపీ పెట్టి, నడుముకి ఏప్రన్ కట్టినప్పుడే పెళ్ళికూతురు ఇల్లాలైనట్టు లెక్క.

ఎనేలికి కట్టింది ఇంద్రెక్ నానమ్మ లేయిడా. ఆవిడ పెళ్ళి నాటికి ఆ ముచ్చట్లన్నీ అటకెక్కాయి. గ్రామ కార్యాలయంలో సంతకం పెట్టి, అరువు తెచ్చిన గౌను తిరిగిచ్చేసి, మధ్యాహ్నం నుంచి బంగాళాదుంపల చేలోకి వెళ్ళిపోయిందట. ఆవిడ కోడలు పట్నం పిల్ల, ఆ మనిషికి వీటి మీద ధ్యాస లేదు. మనవడి పెళ్ళి కుదిరిందని తెలిసిన రోజు నుంచీ లేయిడా కిటికీ పక్కన కూర్చుని, చలికాలమంతా ఆ తెల్లబట్ట అంచున నల్లదారంతో కుట్టుపని చేసింది. చిన్న చిన్న ఆకులు, వాటి మధ్య ఒక్కొక్క చుక్క. పెళ్ళిలో ముడివేసి ఎనేలి చెవిలో చెప్పింది.

"నాకు కట్టినవాళ్ళు లేరే తల్లీ. నీకు కట్టాను. పండగనాడు అంతమంది మధ్యలో నువ్వు ఇది కట్టుకుని ఆడుతుంటే ఒక్కసారి చూడాలి."

ఆ చూడడం రేపు సాయంత్రం. పక్కింటాయన కారులో లేయిడా బయల్దేరి వస్తోంది.

* * *

మైదానం పచ్చిక మీద వేల చుక్కలు, ప్రతి చుక్కకీ ఒక అంకె. ఎవరి అంకె వాళ్ళకి నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా నోటికొచ్చేసింది. మార్యమా వాళ్ళు ఆడేది 'ఆపిల్ పూత' అనే ఆట. మైదానమంతా నలభై పువ్వులు. ఒక్కో బృందం ఒక్కో పువ్వు. లోపలి వలయంలో ఎనిమిది మంది పెళ్ళికాని ఆడపిల్లలు, కుర్రాళ్ళతో జతగా. వాళ్ళ ఎర్రచారల లంగాలే పువ్వు నడిబొడ్డు. బయటి వలయంలో ఎనిమిది మంది ఇల్లాళ్ళు, పెద్దవాళ్ళతో జతగా. వాళ్ళ ఏప్రన్లే రేకలు. పైనుంచి చూస్తే పచ్చటి నేలమీద ఆపిల్ పూలు రాలినట్టు ఉంటుందని చెప్పారు. ఆడేవాళ్ళకి మాత్రం ఏమీ తెలియదు. పక్కవాడి చెవి, ఎదుటివాడి వీపు, అంతే.

ఎనేలికి కనబడేది ఇంద్రెక్ చెవి. ఎండకి కొద్దిగా ఎర్రబడిన ఆ చెవిని చూస్తూ ఆమె లోపలి వలయంలో పదకొండో అంకె మీద గిర్రున తిరిగింది. వాద్యాలు ఆగాయి. మైదానం పక్కనున్న ఎత్తైన మంచె మీంచి ఆటను నడిపించే ఆవిడ గొంతు లౌడ్‌స్పీకర్లలో గట్టిగా వినబడింది.

"పదిహేడో పువ్వు! నడిమధ్యలో ఆ తెల్ల మచ్చేమిటి? ఏదన్నా గుడ్డ పడిందా?"

పదిహేడో పువ్వు వాళ్ళు ఒకరి కాళ్ళ కింద ఒకరు వెతికారు. గుడ్డ ఏదీ లేదు. తర్వాత ఒక్కొక్కరే ఎనేలి వైపు తిరిగారు. ఎనేలి కిందికి చూసుకుంది. మోకాళ్ళ దాకా తెల్లగా, నల్లటి ఆకులతో, ఏప్రన్.

బృందం పెద్ద ఆర్వో మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. ఆ చప్పుడు పక్క పువ్వుకి కూడా వినబడింది. రెండు చేతులూ నోటి దగ్గర గొట్టంలా పెట్టుకుని మంచె వైపు అరిచాడు. "గుడ్డ కాదండీ! కొత్త పెళ్ళికూతురు!"

మంచె దూరం. పక్క పువ్వు వాళ్ళు అందుకుని అరిచారు, వాళ్ళ పక్కవాళ్ళు అందుకున్నారు, మాట మైదానం దాటుకుంటూ వెళ్ళి మంచె ఎక్కింది. లౌడ్‌స్పీకర్లలో నవ్వు వినబడింది. మరుక్షణం మైదానం మొత్తం "వర్ధిల్లాలి! వర్ధిల్లాలి!" అని హోరెత్తింది. ఎవరో టోపీలు ఎగరేశారు. ఎనేలి చెంపలు లంగా కంటే ఎర్రబడ్డాయి. సిగ్గుతో చచ్చిపోతున్నా, ఇన్ని వేల మంది తన పెళ్ళికి వచ్చినట్టయింది కదా అని లోలోపల గంతులేస్తూనే ఉంది.

"శుభాకాంక్షలమ్మా," అంది మంచె మీది ఆవిడ. "నూరేళ్ళు చల్లగా ఉండండి. కానీ నా పువ్వు మధ్యలో మాత్రం ఇల్లాళ్ళు వద్దు. రేపటికి సరిచేసుకోండి."

* * *

మధ్యాహ్నం బఠాణీ సూపు, నల్లరొట్టె. పెద్ద పెద్ద గుండిగల ముందు వరస. మార్యమా వాళ్ళు పళ్ళేలు పట్టుకుని ఒక పొడవాటి బల్ల చుట్టూ చేరారు.

"మార్చిలో ఎంపిక నాటికి ఈ పిల్ల పెళ్ళికాని పిల్లే," అన్నాడు ఆర్వో, చెంచాతో ఎనేలిని చూపిస్తూ. "లోపలి వలయంలో పెట్టాను. జూన్‌లో పెళ్ళయింది. ఆ పెళ్ళికి నేను వచ్చాను. పంది మాంసం మారు వడ్డించుకుని తిన్నాను. ఏప్రన్ కడుతుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ నేనే. అయినా ఈ బుర్రకి తట్టలేదు చూడు!"

"మేం మాత్రం? పెళ్ళికి అందరం వచ్చాం, అందరం కొట్టాం," అన్నారు మిగతావాళ్ళు.

"ఇందులో అంత ఆలోచించేదేముంది," అన్నాడు ఇంద్రెక్. "ఆట ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ ఏప్రన్, టోపీ తీసి సంచిలో పెట్టు. అయిపోయాక కట్టుకో."

"నానమ్మ చూడ్డానికి వస్తోంది ఆ ఆరు నిమిషాలే," అంది ఎనేలి. మార్యమా బృందానికి దొరికింది ఆ ఒక్క ఆటే. చివర్లో పదివేల మందీ కలిసి ఆడేది ఒకటుంది గానీ, అందులో ఎవరు ఎవరో ఆ దేవుడికే తెలియాలి.

"అంతమందిలో నువ్వు కనబడతావా ఏంటి ఆవిడకి?"

"మీ నానమ్మ అరుగు మీద కూర్చుని నూరు కోడిపిల్లల్లో కుంటిది ఏదో చెప్తుంది. నన్ను పట్టుకోలేదూ?"

ఇంద్రెక్ మళ్ళీ సూపు మీద పడ్డాడు. నానమ్మ సంగతి అతనికి ఆమె కంటే బాగా తెలుసు.

ఇంకొక దారి ఉంది. బయటి వలయంలోంచి ఒకరు లోపలికొస్తే, ఎనేలి రేకల్లోకి వెళ్ళొచ్చు. కానీ లోపలికొచ్చే మనిషి తన ఏప్రన్ విప్పాలి, పూసల పట్టీ పెట్టుకోవాలి. బల్ల చుట్టూ ఉన్న ఇల్లాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"అమ్మో, నా వల్ల కాదు. ముప్పై ఏళ్ళ కాపురం. మా ఆయన గ్యాలరీలో ఉంటాడు. పట్టీతో కనబడితే కొత్త సంబంధం చూసుకుంటున్నాననుకుంటాడు," అంది ఒకావిడ.

"నన్ను చూస్తే మా అమ్మాయి ఫోటో తీసి వీధి వీధికీ పంపిస్తుంది," అంది ఇంకొకావిడ.

నవ్వులు ఆగాక, ఉర్వె చేతిలో రొట్టె కింద పెట్టింది. వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పింది. ఏప్రన్ తీసి, నాలుగు మడతలు పెట్టి, సూపు పళ్ళెం పక్కన ఉంచింది.

"నేను వెళ్తా లోపలికి," అంది. "అసలు దీని మీద నాకు హక్కెక్కడిది? ముప్పై దాటాక ఒక ఏడాది నాకు నేనే కట్టేసుకున్నాను. కట్టమని ఎవరూ అనలేదు. కుర్రపిల్లల వరసలో పట్టీ పెట్టుకుని నిలబడితే చూసేవాళ్ళు నా వయసు లెక్కలేస్తారని భయం. మీరంతా మంచోళ్ళు, అడగలేదు. అంతే కథ." ఆమె మళ్ళీ రొట్టె అందుకుంది. "ఏం చూస్తున్నారు? సూపు చల్లారిపోతోంది."

"ఉర్వె," అన్నాడు ఆర్వో నెమ్మదిగా, "లోపలి వలయంలో పదహారు గెంతులున్నాయి."

"పొద్దున ఐదింటికి ఆవుల మధ్య నేను వేసే గెంతులు నువ్వెప్పుడన్నా చూశావా మాస్టారూ? ఆ గెంతుల సంగతి నీ మోకాలికి చెప్పు."

ఆర్వోకి నిరుడే మోకాలు మార్చారు. అతను రేకల్లో ఉర్వె జత. అక్కడే వచ్చింది అసలు చిక్కు, ఎనేలికి అప్పుడే తట్టింది. తను ఉర్వె చోటికి వెళితే తన జత ఆర్వో. ఇంద్రెక్ జత ఉర్వె. ఇంద్రెక్‌ని తనతో పాటు బయటికి తీసుకురావాలంటే ఆర్వో లోపలికెళ్ళి గెంతాలి. ఆ మోకాలితో అది కాని పని. మిగతా జతల్ని కదిపితే రేపటికి పువ్వే కుదరదు.

సెప్టెంబరు నుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం, మార్యమా బడి హాల్లో, చలికి చేతులు కొంకర్లు పోతున్నా ఇంద్రెక్ చెయ్యి పట్టుకుని ఆడింది ఈ ఆరు నిమిషాల కోసమే. పెళ్ళి కాకముందు పట్టుకోవచ్చు. పెళ్ళయింది కాబట్టి వదిలెయ్యాలి. ఇలాంటి విడ్డూరం ఏ ఊళ్ళోనైనా ఉంటుందా!

ఇంద్రెక్‌కీ అప్పటికి అర్థమైంది. "అంటే నీ చెయ్యి వదలడానికా నేను పెళ్ళి చేసుకుంది?" అన్నాడు.

"చేసుకోకపోయుంటే వదలక్కర్లేకపోయేది."

"ఇప్పుడు చెప్తున్నావా?"

అందరూ నవ్వారు గానీ ఎనేలి లేచి, పళ్ళెం పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఇంద్రెక్ వెనకే వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, అవసరం లేకపోయినా ఆ రెండు పళ్ళేలనీ మళ్ళీ మళ్ళీ కడిగారు.

"నీ ఇష్టం," అన్నాడు అతను చివరికి. "నిజంగానే. తీసేస్తానంటే నానమ్మకి నేను సర్దిచెప్తా. కట్టుకుంటానంటే ఆ పాలశాల దొరసానితో ఆడతా, కాలు తొక్కితే తన్నులు తింటా."

ఎనేలి తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకోబోయి, చటుక్కున ఆగి, అతని చొక్కాకి తుడుచుకుంది. కిటికీ పక్కన చలికాలపు వెలుతురులో దారం ఎక్కించలేక మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారికి ఎక్కగానే తనవైపు చూసి కన్నుగీటిన లేయిడా గుర్తొచ్చింది. చేతులు పట్టుకోవడానికి వాళ్ళిద్దరికీ ఇంకా బోలెడు మంగళవారాలు ఉన్నాయి. ఆవిడ చూడ్డానికి వచ్చే పండగలు ఎన్ని మిగిలున్నాయో ఎవరు చెప్పగలరు?

"కట్టుకునే ఆడతాను," అంది.

* * *

బడి ఆవరణలో తారు మీద సుద్దముక్కతో పెద్ద వలయం, దాని లోపల చిన్న వలయం గీశారు. సాయంత్రమంతా అక్కడే. టాలిన్‌లో జులై పొద్దు ఎంతకీ గూకదు కాబట్టి, ఇక చాలని చెప్పడానికి చీకటి కూడా రాలేదు.

రేకల నడక తేలికనుకుంది ఎనేలి. గెంతులు లేవు, నిదానంగా పన్నెండు లెక్క. తీరా చూస్తే అదే కష్టమైంది. ప్రతి నాలుగో లెక్కకీ ఆమె పాదం దానంతటదే ఎగిరిపోతోంది.

"పెద్దమనిషిలా నడవమ్మా," అంటున్నాడు ఆర్వో. "నువ్విప్పుడు ఇల్లాలివి. చంకలో పాలబిందె ఉందనుకో. తొణకకూడదు."

"ఆ బిందె నాది, దానికి లెక్క చెప్పాలి," అని లోపలి వలయంలోంచి రొప్పుతూ అరిచింది ఉర్వె.

ఉర్వె నెత్తిన ఒక పిల్ల ఇచ్చిన పూసల పట్టీ ఉంది. మొదట్లో అందరూ ఆట పట్టించారు. గెంతడం మొదలుపెట్టాక అందరూ ఆమె కాళ్ళవైపే చూశారు. ఆమె గెంతడం బరువుగానే ఉంది, కానీ ఒక్క లెక్క తప్పలేదు. ఇన్నేళ్ళుగా బయటి వలయంలో నడుస్తూ లోపలి వాళ్ళ ఆటనంతా ఆమె కళ్ళతో ఆడుకుందని అప్పుడు తెలిసింది. ఒక్కో మలుపు రాకముందే ఆమె భుజం అటు తిరిగేది. ఇంద్రెక్ లెక్క చెప్పబోతే, "నువ్వు నోరు మూసుకుని నన్ను పైకెత్తు బాబూ, లెక్క నేను చూసుకుంటా" అంది. ఎత్తేటప్పుడు ఇంద్రెక్ మెడ నరాలు పైకి తేలాయి. దింపాక ఆమె అతని వీపు తట్టింది. "దూడని ఎత్తలేనివాడు రైతేంటి?"

ఆటలో ఒకచోట పువ్వు ముడుచుకుంటుంది. లోపలి జతలు చేతులు పైకెత్తి కమానులు కడతారు, రేకలు ఆ కమానుల కిందుగా లోపలికి దూరతాయి. వలయం సగం చుట్టు తిరుగుతుంది, రేకలు మళ్ళీ కమానుల కిందుగానే బయటికొస్తాయి, పువ్వు విచ్చుకుంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఎనేలి ఎవరిదో కమాను కింద దూరింది. బయటికి వచ్చేటప్పుడు తలవంచి అడుగు వేసి, తలెత్తితే పైన ఉన్నవి ఉర్వె చెయ్యి, ఇంద్రెక్ చెయ్యి.

"ఆగండి, ఆగండి," అంది. "ఇంకోసారి."

ఇంకోసారి చేశారు. మళ్ళీ అదే కమాను. లెక్క ప్రకారం ప్రతిసారీ అదే కమాను. దాని కింద ఉండేది రెండే రెండు లెక్కలు. ఆ రెండు లెక్కల్లో ఇంద్రెక్ కిందికి చూస్తే, ఎనేలి పైకి చూస్తే, మధ్యలో జానెడు దూరం.

"చూసుకోండి చూసుకోండి," అంది ఉర్వె చెయ్యి దించకుండానే. "నేను ఆకాశం చూస్తాను."

* * *

మర్నాడు సాయంత్రం ఎండ పక్కవాటుగా పడుతున్న వేళ నలభై బృందాలు మైదానం అంచున నిలబడ్డాయి. తోలు చెప్పుల కింద గడ్డి ఇంకా తడిగా ఉంది. గ్యాలరీలు కిక్కిరిసి ఉన్నాయి. ఎనేలి లేయిడా కోసం వెతికింది, కానీ అక్కడ ఉన్నవి వేల మొహాలు. నూరు కోడిపిల్లల్లో ఒకదాన్ని పట్టే కళ్ళు ఆమెకి లేవు.

వాద్యాలు మొదలయ్యాయి. అడుగు పడింది.

ఎన్నిసార్లు ఆడినా ఇలా ఉంటుందని ఆమె అనుకోలేదు. పన్నెండు వందల పైచిలుకు మంది ఒకే లెక్కకి పాదం మోపుతుంటే నేల కింద నుంచి ఒక చిన్న అదురు మడమల్లోకి వచ్చింది. ముందు సారెమా దీవి వాళ్ళు, పక్కన దక్షిణం కొండల వాళ్ళు, ఎవరి చారలు వాళ్ళవి, ఎవరి టోపీలు వాళ్ళవి. వాళ్ళలో తపాలా బంట్రోతులున్నారు, డాక్టర్లున్నారు, ట్రాక్టరు నడిపేవాళ్ళున్నారు. ఏడాదంతా ఎవరి ఊళ్ళో వాళ్ళు, పని ముగిశాక, చలిలో, బడి హాళ్ళలో, ఈ ఒక్క అడుగు కోసం తిప్పలు పడ్డారు. ఇప్పుడు ఆ అడుగు వేస్తున్నారు. గ్యాలరీల్లోంచి ఒక పెద్ద నిట్టూర్పు లాంటిది వినబడింది. పువ్వులు పూసి ఉంటాయి.

ఆర్వో పెదాల మీద లెక్క కదులుతోంది. ఎనేలి తొణకకుండా నడిచింది. లోపలి వలయం గెంతుతోంది. కంటి చివర ఎర్రటి చారలు పైకి లేచి దిగుతున్నాయి, వాటిలో ఒకటి మిగతావాటికంటే కాస్త ఆలస్యంగా లేచినా సరిగ్గా వాటితోనే దిగుతోంది. పువ్వు ముడుచుకుంది. సగం చుట్టు. ఎనేలి తల వంచింది.

ఒకటి. పైన ఇంద్రెక్ మొహం, చెమటతో, పళ్ళన్నీ కనబడేలా. అతని పెదాలు ఏదో అన్నాయి, వాద్యాల హోరులో ఏమన్నాడో వినబడలేదు. రెండు. ఉర్వె నిజంగానే ఆకాశం చూస్తోంది. నెత్తిన పూసల పట్టీ పక్కకి జారింది, చెంపలు మండుతున్నాయి, ఇరవై ఏళ్ళ పిల్లల మొహాల్లో కూడా ఎనేలి అంత వెలుగు చూడలేదు.

అంతే, ఆమె బయటికొచ్చేసింది. తెల్లటి ఏప్రన్ గాలికి ఎగిరి, మళ్ళీ సర్దుకుంది.

* * *

ఆట అయ్యాక మైదానం ద్వారం దగ్గర తోపులాట. పూలగుత్తులు, ఫోటోలు, ఏడుస్తున్న పిల్లలు, స్ట్రాబెర్రీల బుట్టలు. వాటి మధ్యలోంచి దారి చేసుకుంటూ లేయిడా వచ్చింది, మెడలో పక్కింటాయన వేట బైనాక్యులర్స్ వేలాడుతుండగా. ఎనేలి ఎదురెళ్ళబోయింది. ఆవిడ ఎనేలిని పక్కకి జరిపి, తిన్నగా ఇంద్రెక్ దగ్గరికి వెళ్ళి, అతని చెవి పట్టుకుంది.

"సన్నాసీ! పట్టుమని పన్నెండు రోజులు కాలేదు, అప్పుడే ఇంకో పిల్ల చెయ్యి పట్టుకుంటావురా?"

"నానమ్మా, అది కాదు..."

"నేను చూడలేదనుకున్నావా? నీ పక్కన దీని కోసం వెతికాను. ఎవరో పూసల పట్టీ పిల్ల! నా గుండె ఆగిపోయింది. ఇది నా ఏప్రన్ ఎక్కడ పారేసిందో అనుకున్నాను. అరే, ఇంతలో నీ చంక కింద నుంచి..." లేయిడా చెవి వదిలేసింది. ఎనేలి వైపు తిరిగింది. ముడతల చేత్తో ఏప్రన్ అంచు పట్టుకుని, ఆ నల్ల ఆకులని ఒక్కొక్కటే తడిమింది. "తెల్లగా బయటికొచ్చావే. అంత పెద్ద మైదానంలో అంత తెల్లగా. నా పక్కన కూర్చున్నవాళ్ళందరికీ చూపించాను. విసుక్కున్నారు కూడా."

ఎనేలి ఆవిడని గట్టిగా కావలించుకుంది. మధ్యలో బైనాక్యులర్స్ ఇద్దరికీ గుచ్చుకున్నాయి.

"సరే సరే, నలిగిపోతుంది," అంది లేయిడా ఏప్రన్ సర్దుతూ. "ఇంతకీ ఆ పిల్లేదీ? ఎవరి పిల్ల? అంత ఎత్తు ఎగిరింది, నేను చూస్తూనే ఉన్నాను."

అందరూ పక్కకి తప్పుకున్నారు. నీళ్ళసీసా పట్టుకుని ఉర్వె నిలబడి ఉంది, వంకర పట్టీ ఇంకా సర్దుకోకుండానే. లేయిడా దగ్గరికెళ్ళి, ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

ఎప్పుడూ ఎవరికీ ఒక్క మాట బాకీ పడని ఉర్వె తడబడింది. "నాకు నలభై ఎనిమిదండీ," అంది, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"నాకు ఎనభై ఆరు," అంది లేయిడా. "అయితే?"

ఆవిడ చెయ్యెత్తి, ఆ పిల్ల తలమీది పూసల పట్టీని సరిగ్గా నుదుటి మధ్యకి జరిపింది.